మాటలు చెరిగిన రాజకుమారుడు

ఒక రాజు ఉండేవాడర్రా. రాజంటే మరీ భూమండలాన్నేలే రాజు కాదు. తుమ్మలకోట అని చిన్న కోట, దానికి రాజు. పేరు సోమసేనుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయుడు, కత్తి తిప్పితే చూడాలి. రెండోవాడు విజయుడు, గుర్రమెక్కితే చూడాలి. మూడోవాడు సునందుడు. వాడేం చేస్తే చూడాలీ అంటారా? వాడు మాటలు చెరిగేవాడు. నవ్వకండి, చెబుతున్నాగా!

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా కొలువులోకొచ్చి మొరపెట్టుకుంటే రాజు వెంటనే తీర్పు చెప్పేవాడు కాదు. పక్కన పుల్లమ్మ అనే ముసలావిడ చేట పట్టుకుని కూర్చునేది. చేటలో బియ్యం లేవు, పప్పు లేదు, ఖాళీ చేట. వచ్చినవాడు చెప్పడం అయ్యాక ఆవిడ ఆ చేట ఎగరేస్తూ వాడి మాటలు చెరిగేది.

"'మీ తాతగారి దగ్గర పనిచేశాను' అన్నాడు, ఇది తనని నమ్మమని. 'నా పిల్లలు ఆకలికి అలమటిస్తున్నారు' అన్నాడు, ఇది మన గుండె కరగాలని. 'కాలవ నా పొలం మీంచే పోతోంది కనక నాకూ నీళ్ళివ్వాలి' అన్నాడు, ఇది సబబు. 'నా కన్నీళ్ళకి ఏరు పొంగింది' అన్నాడు. ఇది పొల్లు, పోనీండి."

అప్పుడు రాజు తీర్పు చెప్పేవాడు.

పుల్లమ్మకి పిల్లల్లేరు. మూడో రాజకుమారుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఆ విద్య నేర్పింది. "మాటలో మూడు గింజలుంటాయి నాయనా. చెప్పేవాడి మీద నమ్మకం ఒకటి, వినేవాడి గుండె ఒకటి, విషయంలో సబబు ఒకటి. ఉపమానాలూ అతిశయాలూ ప్రాసలూ, ఇవన్నీ పొట్టు. అలాగని పొట్టుని తిట్టకు. పొట్టు లేకుండా ఏ గింజా పండదు" అని చెప్పింది. వాడు మొదటి సగం విని, రెండో సగం చెబుతుండగా ఆటకి పరిగెత్తాడు. పిల్లలు కదా, అచ్చం మీలాగే.

పుల్లమ్మ పోయింది. చేట సునందుడికొచ్చింది. ఇక చూడండి! కొలువులో చెరగడం సరే, ఇంట్లోనూ మొదలెట్టాడు. అన్న "నా బంగారు తమ్ముడూ" అంటే "నేను బంగారం కాదు, పొల్లు" అనేవాడు. వంటావిడ "బాబుగారూ, మీరు తినకపోతే నా ప్రాణం పోతుంది" అంటే "పోదు, నిన్న తినలేదు, ఉన్నావుగా" అనేవాడు. అందరూ మొదట నవ్వారు, తర్వాత తప్పుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

ఇంతలో రాణిగారు జబ్బుచేసి పోయింది. రాజు ఆవిడ పక్కన కూలబడి ఏడ్చాడు. "రాణీ, సూర్యుడు చచ్చిపోయాడే! ఇంక ఈ కోటలో ఎవరున్నారే!" అని గుండెలు బాదుకున్నాడు.

సునందుడికీ దుఃఖం ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తెలీలేదు. వాడికి తెలిసింది ఒక్కటే. చేట అందుకున్నాడు.

"సూర్యుడు ఉన్నాడు నాన్నగారూ, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. ఇది పొల్లు. కోటలో ఇంతమందిమి ఉన్నాం. ఇదీ పొల్లు. అమ్మ పోయింది. ఇదొక్కటే గింజ" అన్నాడు.

ఎంత మాట! పుండు మీద కారం చల్లినట్టు లేదూ? రాజు ఏడుపు ఆపేశాడు. కొడుకు మొహంలోకి ఒకసారి చూసి ముఖం తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు. రాజు మాట్లాడని కొడుకుతో ఇంకెవరు మాట్లాడతారు? వంటావిడ విస్తరి వేసి వెళ్ళిపోయేది. అన్నలు వాడొస్తుంటే మాటలాపేవాళ్ళు. అంత కోటలో వాడు ఒక్కడైపోయాడు. చూస్తే జాలేసేది పాపం.

అలా ఉండగా ఊళ్ళోకి ఒక మాంత్రికుడొచ్చాడు. వాడి పేరు మధుజిహ్వుడు. అంటే తేనె నాలుకవాడని. ఏడు సముద్రాల అవతల వాడికో దీవి ఉంది. వాడికి మంత్రదండం లేదు, పుర్రె లేదు. ఉన్నదల్లా నోరే. బజారు మధ్య నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మలారా, అయ్యలారా! నేను మీలో ఒకణ్ణి. నాకూ అమ్మ ఉండేది. ఈ చేతుల్లోనే పోయింది" అంటూ గొంతు పూడుకుపోయి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "మీ పోయినవాళ్ళంతా నా దీవికే వస్తారు. మీరిక్కడుంటే వాళ్ళని చూడగలరా? చూడలేరు. అక్కడికొస్తే చూడకుండా ఉండగలరా? ఉండలేరు. మరి ఇంకెందుకు ఆలోచన? రండి!"

పొయ్యి మీద ఎసరు పొయ్యి మీదే వదిలి ఆడవాళ్ళు బయల్దేరారు. మగ్గం వదిలి సాలెవాళ్ళు, నాగలి వదిలి రైతులు బయల్దేరారు. జయుడు, విజయుడు బయల్దేరారు. చివరికి రాజుగారు మెట్లు దిగొచ్చాడు. రాణిని చూడొచ్చని ఆయన మొహం వెలిగిపోతోంది.

సునందుడు అడ్డం పడ్డాడు. "నాన్నగారూ, ఇదంతా పొల్లు! 'మీలో ఒకణ్ణి' అన్నాడు, వాణ్ణి ఎవరైనా ఎరుగుదురా? ఏడ్చాడు, కన్నీరు కనిపించిందా? పోయినవాళ్ళు అక్కడున్నారనడానికి సాక్ష్యమేదీ?"

వాడు చెప్పింది అక్షరాలా నిజం. కానీ రాజు ఏమన్నాడో తెలుసా? "మీ అమ్మ చావుని కూడా చెరిగినవాడివి. నీ మాట నేను వినను."

అన్నాడు, వెళ్ళిపోయాడు. అదర్రా సంగతి. సబబు వాడి దగ్గరే ఉంది, నమ్మకమే పోయింది. ఒక గింజతో అన్నం వండుకోగలమా?

సాయంత్రానికి ఊరు ఖాళీ. పాలు పితికేవాళ్ళు లేక ఆవులు అరుస్తున్నాయి. ఎవరిదో ఉయ్యాల గాలికి ఊగుతోంది. సునందుడు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలార్పాడు, దూడల్ని విప్పాడు, పక్షుల గూళ్ళు తెరిచాడు. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. ఎవరూ లేరు. తిట్టడానికైనా ఒక్కరుంటే బాగుండుననిపించింది వాడికి. వీధి అరుగు మీద కూర్చుని, చేట పక్కన పెట్టుకుని, మనుషుల గొంతు కోసం చెవులు రిక్కించాడు. ఆవులు తప్ప ఏమీ వినపడలేదు.

"వీళ్ళు లేకపోతే నేను బతకలేను" అనుకున్నాడు. తెల్లారగానే చేటని దూలానికి తగిలించి సముద్రం దారి పట్టాడు.

మొదట ఒక తాబేలు కనిపించింది, గుడిసెంత తాబేలు. "తాబేలమ్మా, నన్ను దాటించు. నేను రాజకుమారుణ్ణి, ఆడిన మాట తప్పను" అన్నాడు.

"ఇంతకు ముందొచ్చినవాడూ అదే అన్నాడు. మధ్యలో నా వీపు మీద పొయ్యి పెట్టి వండుకున్నాడు" అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

నమ్మకం నోటితో అడిగితే వచ్చేది కాదని వాడికి అప్పుడు తెలిసింది. ఏమీ మాట్లాడకుండా దాని వీపుకి కరుచుకున్న గుల్లలు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాడు. వేళ్ళు చీరుకుపోయాయి. అన్నీ పీకాక ఉప్పునీళ్ళతో వీపు కడిగాడు. తాబేలు తల బయటికి పెట్టి "ఎక్కు" అంది. దాని వీపు మీద పొయ్యి పెట్టకుండా, దారి పొడుగునా వాడు మూట కట్టుకొచ్చిన పచ్చి పిండే తిన్నాడు. రెండు సముద్రాలు దాటారు.

తర్వాత తిమింగలం. తాబేలు వాణ్ణి దించి అటు వెళ్ళడమేమిటి, అది నోరు తెరవడమేమిటి! "నిన్ను మింగుతా" అంది.

"మింగు. కానీ నేను నీకు ఒక్క గుటక. నీ దవడ వాచిపోయింది, పంటి సందున పడవ చెక్క ఇరుక్కుంది. అదుంటే నువ్వు మళ్ళీ ఏమీ నమలలేవు. అది తియ్యాలంటే చేతులు కావాలి. నీకు చేతుల్లేవు, నాకున్నాయి. నన్ను మింగితే నా చేతులూ పోతాయి" అన్నాడు.

తిమింగలం చాలాసేపు ఆలోచించింది. పెద్ద తల కదా, ఆలోచన ఆ చివరికెళ్ళి రావాలి. చివరికి "సబబే" అంది. వాడు చెక్క లాగేశాడు. అది వాణ్ణి ఇంకో మూడు సముద్రాలు దాటించి ఒక రాతిదిబ్బ మీద దించింది.

ఆ దిబ్బ మీద ఒక ఆడగద్ద ఏడుస్తోంది. "నా గూడు అలలో కొట్టుకుపోయింది. నా పిల్లలు పోయారు. ఆకాశం విరిగి నా నెత్తిన పడింది!" అంది.

సునందుడి నాలుక చివరిదాకా వచ్చింది, 'ఆకాశం విరగలేదు, పైనే ఉంది' అని. పళ్ళు బిగించాడు. దాని పక్కన కూర్చున్నాడు. "అవును తల్లీ, విరిగింది" అన్నాడు. అన్నాక వాడికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయిననాడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆ దిబ్బ మీద ఇద్దరూ, చుట్టూ నీళ్ళు, ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు.

గద్ద రెక్కలు విదిలించుకుని "ఎక్కడికి నాయనా?" అంది. వాడు సంగతంతా చెప్పాడు. అప్పుడు గద్ద, "ఆ మధుజిహ్వుణ్ణి కత్తితో చంపలేవు. వాడికి వట్టి మతిమరుపు. మాటలే వాడి ప్రాణం, ఆ మాటలన్నీ ఒక చిలకలో దాచాడు. రోజూ పొద్దున్నే అది వాడి చెవిలో చెబుతుంది, వాడు బయటికొచ్చి వల్లిస్తాడు. అవి చిలక నోట నలుగురి చెవినా పడితే వాడి ప్రాణం పోతుంది. కానీ ఆ చిలకని ఒప్పించినవాడు ఇంతవరకూ లేడు" అని, వాణ్ణి కాళ్ళతో పట్టుకుని మిగిలిన రెండు సముద్రాలూ దాటించి దీవిలో దించింది.

దీవిలో ఏముంది? ఎన్ని ఊళ్ళవాళ్ళో బారులు తీరి రాళ్ళు మోస్తున్నారు, మాంత్రికుడికి మేడ కడుతున్నారు. వాడు మేడెక్కి మాట్లాడితే చప్పట్లు కొడుతున్నారు. "మావాళ్ళెప్పుడొస్తారు?" అంటే "రేపు" అంటాడు. మర్నాడడిగితే మళ్ళీ రేపే. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అన్నట్టు. సోమసేనుడు రాణి కోసం పక్కనే జాగా తుడిచి ఉంచుకుని, ఆ జాగా వంకే చూస్తూ కూర్చున్నాడు. కొడుకు ఎదురుగా నిలబడ్డా తలెత్తలేదు.

సునందుడు వెనకమెట్ల మీంచి మేడెక్కాడు. అక్కడ బంగారు పంజరంలో చిలక. మొదట తన కథ చెప్పాడు, నమ్మమని. "తాబేలు కథ ముందు చెబుతున్నావు, నువ్వు మంచివాడివనుకోవాలనేగా?" అంది చిలక. తల్లి గురించి చెప్పాడు. "ఇది నా గుండె కరగడానికి. బాగానే ఉంది, గొంతు ఇంకాస్త తగ్గించాలి" అంది. పంజరం కన్నా ఆకాశం ఎందుకు మేలో వరుసగా చెప్పాడు. "ఇది సబబు. రెండోదానికీ మూడోదానికీ అతుకు సరిగ్గా లేదు" అంది.

అమ్మో! వాణ్ణి మించిన చెరిగేది దొరికిందన్నమాట. తన మాటలన్నీ గాలికి పోయాక వాడు పంజరం ముందు చతికిలబడ్డాడు. చెరిగించుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది పాపం.

ఈసారి చిలకే అడిగింది. "నేను నోరు విప్పితే వాడు చస్తాడు. నేనూ చస్తానా?"

"తెలీదు" అన్నాడు సునందుడు.

"చావవని చెప్పచ్చుగా. ఒప్పుకుందునేమో."

"చెప్పచ్చు. కానీ నాకు తెలీదు. నువ్వు చచ్చిపోవచ్చు. అయినా నాకు మావాళ్ళు కావాలి, అందుకని అడుగుతున్నా."

చిలక ఆ మాటని అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెరగడానికి దాంట్లో ఏమీ దొరకలేదు. "నాతో అందరూ వాళ్ళ మాటలు పలికించుకున్నారు. తెలీదని చెప్పి నన్నే ఆలోచించుకోమన్నవాడు నువ్వొక్కడివే. తలుపు తియ్యి" అంది.

పొద్దున్న మధుజిహ్వుడు నిద్ర లేచి, ఎప్పట్లాగే చిలక చెప్పేది విందామని మేడ మీదికొచ్చాడు. పంజరం ఖాళీ! కింద అన్ని ఊళ్ళవాళ్ళూ చేరి ఉన్నారు. మేడ పిట్టగోడ మీద కూర్చుని చిలక గొంతెత్తింది. అచ్చం వాడి గొంతే.

"అమ్మలారా, అయ్యలారా! ఇక్కడ చేతులు జోడించాలి. ఓ, ఇక్కడ ఊరి పేరు పెట్టాలి, ప్రజలారా! నేను మీలో ఒకణ్ణి. ఇక్కడ ముసలివాళ్ళ వైపు చూడాలి. నాకూ అమ్మ ఉండేది. ఇక్కడ గొంతు పూడుకుపోవాలి. కండువా తియ్యాలి, కళ్ళు ఒత్తుకోవాలి. గట్టిగా ఒత్తకూడదు, మంట!"

వాడు అద్దంలో చూసుకుంటూ సాధన చేసిందంతా, ఒక్క ముక్క పొల్లుపోకుండా! పాపం చిలకకేం తెలుసు, ఏది ఉపన్యాసమో ఏది పక్కన గొణుక్కున్నదో. విన్నదంతా దాచుకుంది.

జనం నోళ్ళు తెరిచారు. గుంపులోంచి ఒక పిల్ల ఫక్కున నవ్వింది. ఆ పిల్ల పేరు కేతకి. ఇంకో ఊరి రాజుగారమ్మాయి, చేతులనిండా రాళ్ళు మోసిన కాయలు. "మా ఊళ్ళోనూ అక్కడే కండువా తీశాడు!" అంది. "మా ఊళ్ళోనూ!" అన్నాడొకాయన. "మా ఊళ్ళోనూ, మా ఊళ్ళోనూ" అంటూ నవ్వు దీవంతా పాకింది. చిలక ఒక్కో మాటా చెబుతుంటే మధుజిహ్వుడి కాళ్ళ సత్తువ పోయింది, చేతుల సత్తువ పోయింది, పెదవులాడాయి గానీ గొంతు రాలేదు. "అని చెప్పి, ఇక్కడ రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకూడదు" అని చిలక ముగించింది. వాడు కుప్పకూలి ప్రాణం వదిలాడు. చిలకకి ఏమీ కాలేదు.

అందరూ నవ్వుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. ఒక్క సోమసేనుడు నవ్వలేదు. ఆయనకి రాణి రెండోసారి పోయింది. తుడిచిపెట్టుకున్న జాగా మీద చెయ్యేసి కూర్చున్నాడు.

సునందుడు దగ్గరికెళ్ళాడు. ఏం చెబితే తండ్రి నమ్ముతాడు, ఏం చెబితే కరుగుతాడు, ఏది సబబు, ఏదీ తోచలేదు. నోటికొచ్చింది అనేశాడు.

"నాన్నా! అమ్మ పోయినప్పటినుంచి మన తోటలో ఒక్క పువ్వూ పూయలేదు నాన్నా!"

రాజు తలెత్తి చూశాడు. "అదేమిట్రా, మల్లెలు పూశాయిగా" అన్నాడు.

"పూయలేదు నాన్నా."

రాజు వాడి మొహంలోకి చూశాడు. "అవున్రా, పూయలేదు. ఒక్కటీ పూయలేదు" అని వాణ్ణి ఆ జాగాలోకి లాక్కుని కూర్చోబెట్టుకున్నాడు. తండ్రీ కొడుకూ భోరున ఏడ్చారు.

తాబేలు, తిమింగలం తమ చుట్టాలందరినీ పిలుచుకొచ్చి జనాన్ని ఎవరి ఊరు వాళ్ళకి చేర్చాయి. తుమ్మలకోటలో మళ్ళీ పొయ్యిలు వెలిగాయి. కేతకి వాళ్ళ నాన్న పిల్లనిస్తానన్నాడు. "నేనేమన్నా చెరుగుతావట కదా?" అని కేతకి వాణ్ణే అడిగింది. "అలవాటు, మానుకుంటున్నా. మధ్యలో జారితే తిట్టు" అన్నాడు. "తిట్టడానికే వస్తున్నా" అంది. పెళ్ళికి ఊరూరా పందిళ్ళు, అన్నలిద్దరూ వడ్డన.

చిలక కూడా వచ్చింది. మేనా మీద కూర్చునే వచ్చింది గానీ దీవి వదిలినప్పటినుంచి నోరు విప్పలేదు. దాచుకున్న మాటలన్నీ ఆ మాంత్రికుడివే, అవి అయిపోయాయి. పెళ్ళిపందిట్లో అందరూ "పలకవే, పలకవే" అని బతిమాలారు. జామపళ్ళు పెట్టారు. అది సునందుడి భుజం మీద వాలి, ఎవరూ నేర్పని మాట ఒకటి అంది.

"వెళ్తాను."

అని ఎగిరిపోయింది. మాట వింటే చెరక్కుండా ఉండలేని తన బాధ తెలిసిన ప్రాణి లోకంలో అదొక్కటే వాడికి. కనపడినంతమేరా చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళిబట్టల్లో, అంతమంది మధ్యలో, ఒంటరిగా.

"పిలవలేకపోయావట్రా? నీ మాటైతే వింటుందిగా" అన్నాడు తండ్రి.

"వింటుంది నాన్నా. అందుకే పిలవలేదు" అన్నాడు సునందుడు.

మంచి రాజవుతాడని తండ్రికి ఆ మాటతో తెలిసిపోయింది. కొడుకులు ముగ్గురినీ పిలిచాడు. పెద్దవాళ్ళిద్దరూ సరేనంటేనే కిరీటం వాడికి పెట్టాడు. వాడు చాలాకాలం ఏలాడు, జుట్టు నెరిసేదాకా, మనవలకి పెళ్ళిళ్ళయ్యేదాకా. పచ్చచిలకల గుంపు కోట మీంచి వెళ్తే మాత్రం కొలువు కాసేపు ఆగేది. కేతకి ఏమిటని అడిగేది కాదు. ఇంతేనర్రా, రాజుగారి కథ ఇక్కడికి సరి. లేవండి, చేతులు కడుక్కురండి, అన్నాలు తిందాం.